మాత్రలు లెక్కపెట్టారు, మొహం చూడలేదు

పోయిన పత్తి ఏరుళ్ళప్పుడు బచ్చన్నపేటలో మా సంఘం మీటింగుకి ఒకామె ఆలస్యంగా వచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. కొంగు సగం మొహం మీదికి లాక్కుని ఉంది. అందరూ వెళ్ళిపోయాక దగ్గరికి పిలిస్తే కొంగు తీసింది. ఎడమ కన్ను లేదు. మూడేళ్ళుగా తెలిసిన మనిషి. పేరు రాయను, ఊరూ రాయను. ఎందుకో కిందికి చదివితే మీకే తెలుస్తుంది.

ఆమె భర్త హెచ్‌.ఐ.వి.తో చనిపోయాడు. తనకూ ఉందని అప్పుడే తెలిసింది. తొమ్మిదేళ్ళుగా క్రమం తప్పకుండా మందులు వాడుతోంది. తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని దగ్గరలో ఉన్న సెంటరుకి పోకుండా రెండు బస్సులు మారి దూరంగా ఉన్న సెంటరుకి పోతుంది. వెళ్ళిన రోజు కూలి పోతుంది. అయినా ఒక్క తేదీ కూడా తప్పలేదు. రక్త పరీక్షలు బాగానే ఉన్నాయని ప్రతిసారీ చెప్పారు. కంటి తెల్లగుడ్డు మీద నల్లగుడ్డు పక్కన చిన్న కండలాంటిది మొదలైంది. సెంటరులో చూపిస్తే, "అది ఇక్కడ కాదు, కంటి డాక్టర్ని చూడు" అన్నారు. చీటీ రాయలేదు, ఎక్కడికి పోవాలో చెప్పలేదు. ఊళ్ళో ఆర్‌.ఎం.పి. చుక్కల మందు ఇచ్చాడు. దుమ్ము పడిందన్నాడు, తర్వాత ఎండకి కండ పెరిగిందన్నాడు. కంటి శిబిరం పెట్టినప్పుడు పోయింది కానీ తన జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే బయటికి పంపిస్తారని భయం. చెప్పనందువల్ల వాళ్ళకీ అనుమానం రాలేదు. ఏడాది దాటాక హైదరాబాదు చేరేసరికి అది కనుగుడ్డు లోపలికి పాకింది. కన్ను తీసేయడం తప్ప వేరే దారి లేదన్నారు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది.

ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "నెలనెలా పోయిన గదా అక్కా. గోలీల డబ్బ సూసిన్రు, ఎన్ని మిగిలినయో లెక్కవెట్టిన్రు. నా మొకం ఎవలన్న సూసిన్రా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇది ఒక్క డాక్టరుని, ఒక్క నర్సుని తిట్టి వదిలేసే సంగతి కాదు. వ్యాధి నిరోధక శక్తి తగ్గినవాళ్ళకి చర్మం మీద, కంటి పొర మీద, జననాంగాల దగ్గర క్యాన్సర్ వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. వైద్య శాస్త్రానికి ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా ఆ మనుషుల ఒళ్ళు చూసే బాధ్యత ఎవరికీ అప్పజెప్పలేదు. ప్రాణం నిలబెట్టే మందు ఇవ్వడంతోనే వైద్యం పూర్తయిందనుకునే పద్ధతి స్త్రీలకి మరింత అన్యాయం చేస్తుందన్నదే నా వాదన.

నిరోధక శక్తికీ చర్మానికీ సంబంధం ఏమిటని మా సంఘంలో చాలామంది అడిగారు. మాకు అర్థమైన భాషలో చెబుతాను. పత్తి చేలో రోజూ కలుపు మొలుస్తుంది. రోజూ తీసే చేయి ఉన్నంతకాలం పంటకి ముప్పు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మపు కణాల్లోని జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తూనే ఉంటాయి. చెడిన కణాల్ని గుర్తుపట్టి ఏరిపారేసే పని నిరోధక వ్యవస్థది. హెచ్‌.ఐ.వి. ఆ చేతినే నరికేస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో మాత్రం మనమే మందులిచ్చి ఆ చేతిని పట్టి ఆపుతాం, లేకపోతే కొత్త కిడ్నీని శరీరం బయటిదిగా భావించి నాశనం చేస్తుంది. లూపస్, తీవ్రమైన కీళ్ళవాతం వంటి జబ్బులకి వాడే కొన్ని మందులు కూడా ఇలాగే పనిచేస్తాయి. లూపస్ ప్రధానంగా స్త్రీలకి వచ్చే జబ్బు, పదిమంది రోగుల్లో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. దానికి వాడే అజాథయోప్రిన్ అనే మందు ఎండ దెబ్బకి చర్మాన్ని మరింత లోకువ చేస్తుంది. చేయి ఆగిన చేలో కలుపు పెరిగినట్టే చెడిన కణాలు పెరుగుతాయి. పులిపిర్లు పుట్టించే హెచ్‌.పి.వి. వైరస్ కూడా అదే అదునుగా నిలదొక్కుకుంటుంది.

ఇందుకు రుజువులు మూడు చోట్ల నుంచి చెబుతాను. యూరప్‌లో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే, చర్మపు పైపొరలో పుట్టే పొలుసు కణాల క్యాన్సర్ వాళ్ళకి మామూలు జనంలో కంటే 65 రెట్లు, అంతకు పైనే వస్తోందని తేలింది. ఇది తెల్లవాళ్ళ లెక్క, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండోది ఉగాండా. హెచ్‌.ఐ.వి. ఉన్నవాళ్ళలో కంటి తెల్లగుడ్డు మీది పొరకి క్యాన్సర్ వస్తోందని కంపాలా వైద్యులు 1995లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. భూమధ్యరేఖ దగ్గరి ఎండ, తగ్గిపోయిన నిరోధక శక్తి అక్కడ ఒకే శరీరంలో కలిశాయి. మూడోది మన హైదరాబాదే. ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు మన ప్రాంతపు రోగుల్లో ఇదే కంటి పొర క్యాన్సర్‌కీ హెచ్‌.ఐ.వి.కీ ఉన్న సంబంధం మీద వ్యాసాలు ప్రచురించారు. కొందరికి కంటి మీది ఆ కండే హెచ్‌.ఐ.వి. బయటపడడానికి మొదటి గుర్తు అవుతుంది. అందుకే తక్కువ వయసులో ఇలాంటి కండ కనిపిస్తే, ఆ మనిషి అనుమతితో హెచ్‌.ఐ.వి. పరీక్ష కూడా చేయాలని కంటి వైద్యులు అంటారు. అంటే కన్ను చూసి రక్తాన్ని అనుమానించే జ్ఞానం ఉంది. రక్తం సంగతి ముందే తెలిసిన చోట కన్ను చూసే ఏర్పాటు లేదు. మా ఊరామెని ముంచింది అదే.

ఈ మాట ఎత్తగానే ఒక పెద్ద డాక్టరు నాతో, "చర్మ క్యాన్సర్ తెల్లతోలు వాళ్ళ జబ్బమ్మా, మన నల్లటి ఎండకి మనమే అలవాటు పడ్డాం" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, దాన్ని దాచను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండ నుంచి కాస్త కాపాడుతుంది. యూరప్ లెక్కని తెచ్చి బచ్చన్నపేట స్త్రీల మీద అతికించకూడదు. మన ప్రమాదం అంతకంటే చాలా తక్కువ. కానీ తక్కువ అంటే లేదని కాదు. 2016లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వైద్యులు అవయవ మార్పిడి చేయించుకున్న తెల్లవాళ్ళు కాని రోగుల ఒళ్ళంతా పరీక్ష చేసి రాసిన వ్యాసం ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. ఆసియా జాతుల వాళ్ళలో క్యాన్సర్లు ఎక్కువగా ఎండ తగిలే చోట ఉన్నాయి. నల్లజాతి వాళ్ళలో ఎక్కువగా ఎండ తగలని చోట, జననాంగాల దగ్గర ఉన్నాయి. అక్కడ హెచ్‌.పి.వి. వైరస్ పాత్ర కనిపించింది. ఆ వైద్యులు మొహం, చేతులు మాత్రమే చూసి పంపించి ఉంటే ఆ క్యాన్సర్లు దొరికేవే కావు. చూడని చోట జబ్బు లేదనుకోవడం శాస్త్రం కాదు, నిర్లక్ష్యం.

ఇంకో సంగతి చూడండి. మన దేశంలో ఈ రోగుల లెక్కలోకి స్త్రీలు వచ్చేదే తక్కువ. అవయవ మార్పిడుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నోట్టో లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు జరిగిన 36,640 మార్పిడుల్లో అవయవం పొందిన స్త్రీలు 6,945 మందే. మిగతా 29,695 మంది పురుషులు. బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్ళలో మాత్రం ఎక్కువమంది భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు. ఇవ్వడానికి ముందుండి, పొందడానికి చివరనుండే ఈ వరసని మనం ఇంట్లో అన్నం పళ్ళెం దగ్గరే నేర్చుకున్నాం. దాని ఫలితం ఆసుపత్రిలోనూ కనబడుతుంది. మార్పిడి తర్వాత వచ్చే ప్రమాదాల మీద ఇక్కడ ఎవరు పరిశోధన చేసినా ఆ గుంపులో స్త్రీ అయిదో వంతు. మగవాడి ఒంటి మీద కనిపించిందే జబ్బు లక్షణం అవుతుంది. చీర కింద ఏముందో పుస్తకంలోకి ఎక్కదు.

చీర కింది సంగతే అసలు కష్టం. కన్ను పోయినామె విషయం విన్నాక ఇంకో స్త్రీ నన్ను పక్కకి పిలిచింది. ఆమె కూడా చాలాకాలంగా నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతోంది. కింద పులిపిరిలాంటిది లేచి పెద్దదవుతోందని, దురద, రక్తం మరక అని చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే రెండేళ్ళంది. ఎవరికి చెప్పావంటే, "నీకే ఫస్టు చెప్తున్న" అంది. మొగుడికి చెబితే, ఎక్కడ తిరిగి తెచ్చుకున్నావని అంటాడు. డాక్టరు మగాయన, బల్లకి అడ్డంగా తెర కూడా లేదు, బయట వరసలో ఉన్నవాళ్ళకి ప్రతి మాటా వినబడుతుంది. మనం దీనికి సిగ్గు అని పేరు పెట్టి ఆమె మీదే నెట్టేస్తాం. నిజానికి అది సిగ్గు కాదు. చెబితే ఏం జరుగుతుందో ఆమెకి అనుభవంలో తెలుసు. మాటకి, ఒంటికి మరుగు లేని చోట ఏ స్త్రీ అయినా మౌనాన్నే ఎంచుకుంటుంది. ఆమెని మేం తోడు తీసుకుపోయి ముక్క పరీక్ష చేయించాం. ఇంకా క్యాన్సర్ కాలేదు కానీ ఆ దారిలో ఉందని చెప్పి, తీసేశారు. మొదటామెకి కన్ను పోవడానికీ రెండో ఆమె బయటపడడానికీ మధ్య ఉన్న తేడా ఒక్క చూపు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా ఇదే కుటుంబానిది. హెచ్‌.ఐ.వి. ఉన్న స్త్రీలకి అది వచ్చే ప్రమాదం మిగతా స్త్రీలకంటే ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలు స్త్రీలకి 30 ఏళ్ళ నుంచి పరీక్ష మొదలుపెడితే హెచ్‌.ఐ.వి. ఉన్నవాళ్ళకి 25 నుంచే మొదలుపెట్టాలనీ, 3 నుంచి 5 ఏళ్ళకోసారి చేయాలనీ చెప్పింది. హెచ్‌.పి.వి. టీకా విషయంలో కూడా నిరోధక శక్తి తగ్గినవాళ్ళకి ఒక డోసు సరిపోదనీ, కనీసం రెండు, వీలైతే మూడు ఇవ్వాలనీ 2022లో చెప్పింది.

టీకా మాట వచ్చింది కాబట్టి ఖమ్మం జిల్లా సంగతి దాటిపోలేను. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికా సంస్థ ఆధ్వర్యంలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న గిరిజన పిల్లలకి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించి ప్రశ్నించాకే, 2010 ఏప్రిల్లో ప్రభుత్వం దాన్ని ఆపింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అప్పుడు మనం చేసిన పోరాటం సరైనదే. కానీ మనం ప్రశ్నించింది చెప్పకుండా చేయడాన్ని. అసలే చేయకపోవడం దానికి జవాబు కాదు. చెప్పకుండా సూది పొడిచినా, అవసరమైనప్పుడు అసలు చూడకుండా పంపినా వెనకున్న ఆలోచన ఒకటే. పేద స్త్రీకి తన ఒంటి గురించి తెలియాల్సిన అవసరం లేదన్నదే ఆ ఆలోచన. రెండింటినీ ఒకే గొంతుతో ఎదిరించాలి.

ఇక ఎండ. పట్నం డాక్టర్లు కరపత్రాల్లో రాస్తారు, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలోకి రావద్దనీ, సన్‌స్క్రీన్ రాసుకోమనీ. మా వైపు అది నవ్వులాట. బచ్చన్నపేట మెట్ట ప్రాంతం. నీళ్ళు అడుగంటిన కరువు ఏళ్ళలో ఇళ్ళకి తాళాలేసి జనం హైదరాబాదుకీ భీవండికీ వలసపోయిన నేల ఇది. ఇక్కడ మిగిలిన ఆడవాళ్ళు పొద్దున పోతే పొద్దుగూకేదాకా పత్తిలోనో, నాట్లలోనో, పట్నంలో ఉన్నవాళ్ళు భవనాల పనిలోనో ఉంటారు. సన్‌స్క్రీన్ సీసా ధర రెండు మూడు రోజుల కూలి. అలాగని చేయగలిగింది ఏమీ లేదనడం కూడా తప్పే. మన ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాల చుట్టుకుని పత్తి ఏరతారు. దాన్ని చూసి నవ్వేవాళ్ళు తెలుసుకోవాలి, ఇది చాలా మంచి రక్షణ, ఏ డాక్టరూ చెప్పకుండా వాళ్ళే కనిపెట్టుకున్నది. దానికి అంచు వెడల్పు టోపీ, కళ్ళకి చలవద్దాలు కలిస్తే ఇంకా మేలు. 2005 ఉపాధి హామీ చట్టం పని చేసే చోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స ఉండాలని రాసింది. నేను చూసిన ఎన్నో పని స్థలాల్లో నీడ కాగితం మీదే ఉంది. జబ్బు మనిషికి ఎండ తప్పించుకోమని సలహా ఇచ్చేవాడు ముందు ఆ నీడ ఎక్కడుందో చూపించాలి. పని గంటల్ని ఎండకి తగినట్టు మార్చమనడం, ఆడ కూలీకి నీడ అడగడం ఆరోగ్య హక్కులో భాగమే.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ మందులు ఆపకూడదు. హెచ్‌.ఐ.వి. మందులు ఆపితే నిరోధక శక్తి పడిపోతుంది, క్యాన్సర్ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కిడ్నీ మందులు ఆపితే కిడ్నీయే పోతుంది. మందులో మార్పు అవసరమైతే అది డాక్టరు చేయాలి. మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్ళకి పాత మందు బదులు సిరోలిమస్ ఇస్తే కొత్త క్యాన్సర్లు తగ్గుతాయని 2012లో వచ్చిన పరిశోధన చూపింది. అంటే ముందే కనిపెడితే మార్గాలున్నాయి. చర్మం మీదిది చిన్నగా ఉన్నప్పుడు ఆ భాగం మొద్దుబారేలా సూది ఇచ్చి కోసి తీసేయొచ్చు. కంటి మీదిది కూడా మొదట్లో అయితే కోసి, అంచుల్ని గడ్డకట్టించి, లేదా ప్రత్యేకమైన చుక్కల మందుతో నయం చేస్తారు, చూపు దక్కుతుంది. ఆలస్యమే కన్ను తీస్తుంది.

ఏం చూడాలి? నెల దాటినా మానని పుండు. మానినట్టే మాని మళ్ళీ పగిలి రక్తం కారే చోటు. గట్టిపడి పొలుసు కట్టి పెరుగుతున్న పులిపిరి. కింది పెదవి మీద మానని పగులు. కంటి తెల్లగుడ్డు మీద తెల్లగానో గులాబీ రంగులోనో లేచి, ఎర్రటి నరాలు పాకుతున్న కండ. జననాంగాల దగ్గర తగ్గని దురద, తెల్లమచ్చ, గడ్డ. కలయిక తర్వాతగానీ, నెలసరి ఆగిపోయాకగానీ కనిపించే రక్తం. ఎప్పుడో కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన పుండు. ఈ చివరిది నిరోధక శక్తి బాగా ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. వంటింటి మంటల్లో కాలి బతికి బయటపడ్డ స్త్రీలు మన మధ్య ఎందరున్నారో మనకి తెలుసు. వీటిలో ప్రతిదీ క్యాన్సర్ కాదు. ఎక్కువ భాగం కాదు కూడా. కానీ నిరోధక శక్తి తగ్గిన మనిషిలో వీటిని చుక్కల మందుతో, పూత మందుతో నెలల తరబడి సాగదీయకూడదు. ముక్క తీసి పరీక్షకి పంపాలి.

చట్టం మన పక్కనే ఉంది. హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉందని వైద్యం నిరాకరించడం ఆ చట్టం నిషేధించిన వివక్ష. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, అనుమతి లేకుండా సంగతి బయటపెట్టకూడదు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆరోగ్య సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. రోగ నిర్ధారణ సౌకర్యాలు, మందులు, జబ్బుతో కూడా వచ్చే ఇన్ఫెక్షన్లకి చికిత్స అందించడం ప్రభుత్వాల బాధ్యత అని కూడా రాసింది. మా ఊరామెకి ఈ చట్టం గురించి ఎవరైనా చెప్పి ఉంటే కంటి శిబిరంలో తన జబ్బు సంగతి చెప్పేది. చెప్పి ఉంటే కన్ను మిగిలేదేమో. హక్కు తెలియకపోవడం కూడా మనిషిని గుడ్డివాళ్ళని చేస్తుందని నేను ఇంత సూటిగా ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. హెచ్‌.ఐ.వి. మందులిచ్చే సెంటర్లలోనూ, కిడ్నీ మార్పిడి రోగుల్నీ, లూపస్ రోగుల్నీ చూసే క్లినిక్కుల్లోనూ ఏడాదికోసారి తల నుంచి పాదం దాకా ఒళ్ళు, కళ్ళు, జననాంగాలు పరీక్ష చేయాలి. అది తెర వెనక, స్త్రీ వైద్యురాలో నర్సో చేయాలి. చూసినట్టు రోగి పుస్తకంలో ఒక గడి ఉండాలి. గడి లేని పని ప్రభుత్వ ఆసుపత్రిలో జరగదని మనకి తెలుసు. గర్భాశయ ముఖద్వార పరీక్ష అదే రోజు, అదే కప్పు కింద జరగాలి. రెండో రోజు రమ్మంటే రెండో రోజు కూలి పోతుంది. ఇంకో చోటికి పంపితే చీటీ రాసి, ఎవరిని కలవాలో చెప్పి, చార్జీలిచ్చి పంపాలి. మందు మొదలుపెట్టే రోజే ఈ ప్రమాదం గురించి తెలుగులో చెప్పాలి. జనగామలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కొత్తగా భవనాలు కట్టమని అడగడం లేదు. ఉన్న గదుల మధ్య తలుపులు తెరవమని అడుగుతున్నాం.

సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అంటారు. నిజమే, ఆ సెంటర్లలో కౌన్సిలర్లు, నర్సులు ఎంత భారం మోస్తున్నారో చూశాను. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, కాంట్రాక్టు ఉద్యోగులు. వాళ్ళ మీద ఇంకో పని రుద్దమని నేననడం లేదు. ఇంకో మనిషిని ఇవ్వమని అడుగుదాం, వాళ్ళతో కలిసి అడుగుదాం. ఏఎన్‌ఎంకీ, ఆశాకీ ఈ నాలుగు గుర్తులు నేర్పడానికి ఒక్క రోజు శిక్షణ చాలు. ఏడాదికి ఒక్కసారి పది నిమిషాల చూపు ఖరీదా, కన్ను ఖరీదా?

మన వంతు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా హెచ్‌.ఐ.వి. స్త్రీలతో పనిచేసిన సంఘాలు, సంస్థలు, మేం కూడా, పింఛను, రేషను, ఆస్తిలో వాటా, పిల్లల చదువు గురించి కొట్లాడాం. మందులు వేసుకుంటున్నావా అని అడిగాం. ఆమె మొహం మేమూ సరిగ్గా చూడలేదు. కంట్లో ఆ కండ నాకూ కనిపించింది. ఎండకేమో అనుకున్నాను. ఆ తప్పు ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు. అందుకే మా సంఘంలో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాం. ప్రతి మూడో మీటింగు చివర మగవాళ్ళూ పిల్లలూ లేకుండా తలుపేసి, ఒకరి వీపు, మెడ, చెవుల వెనక, కళ్ళు ఇంకొకరు చూస్తారు. కింది సంగతి ఎవరికి వాళ్ళు అద్దంతో చూసుకోవడం నేర్పుతున్నాం. ఎవరికి ఏ జబ్బు ఉందో అడగం, అందరికీ ఒకటే పద్ధతి. అందువల్ల ఎవరూ విడిగా బయటపడరు. మొదటిసారి నవ్వులు, రెండోసారి మొహమాటం. మూడోసారి ఒక ముసలమ్మ తనే ముందుకొచ్చి, పాతికేళ్ళ కిందటి కాలిన మచ్చ మీద లేచిన పుండు చూపించింది. ఆమెని ముక్క పరీక్షకి పంపించాం.

కన్ను పోయినామె ఇప్పుడు మీటింగుకి కొంగు లాక్కోకుండా వస్తోంది. పోయిన నెల మందులకి వెళ్ళినప్పుడు బల్ల ముందు నిలబడి, "గోలీలు తర్వాత లెక్కవెడుదురు, ముందు ఈ రెండో కన్ను సూడున్రి" అందట. చూశారట. చీటీ కూడా రాసిచ్చారట. ఒక కన్ను పోయాక అడిగి తెచ్చుకున్న ఆ చూపు, ఇక ఎవరూ అడగకుండానే అందేలా చేయడం మన పని.